మడ్డి మీదే తేరిన తెల్ల వైన్: మస్కాడే

మస్కాడేను మొదటిసారి రుచి చూసినప్పుడు నాకు కలిగినది నిరాశే. గ్లాసును రెండు మూడుసార్లు తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నా కొద్దిగా నిమ్మతొక్క, కొద్దిగా పచ్చి ఆపిల్, తడిసిన రాయి వంటి వాసన తప్ప మరేమీ అందలేదు. తినడానికి పక్కన ఏమీ లేకుండా దానిని తాగడమే నేను చేసిన పొరపాటని, చాలాకాలం తర్వాత ఒక పళ్లెం ఆయిస్టర్ల (పచ్చిగా తినే సముద్రపు గుల్లల) ముందు కూర్చున్నప్పుడు గాని తెలియలేదు.

ఈ వైన్ పుట్టినిల్లు ఫ్రాన్స్ పశ్చిమాన, లువార్ నది అట్లాంటిక్ మహాసముద్రాన్ని చేరబోయే చోట ఉన్న నాంత్ నగర పరిసరాలు. నగరానికి ఆగ్నేయంగా సేవ్ర్, మేన్ అనే రెండు చిన్న నదుల పేరు మీద ఏర్పడిన సేవ్ర్-ఎ-మేన్ ప్రాంతానికి 1936లో చట్టబద్ధమైన గుర్తింపు లభించింది. మస్కాడేలో అధికభాగం అక్కడిదే. పేరు విని దీనికి మస్కట్ ద్రాక్షతో చుట్టరికం కలిపేవారున్నారు గాని, ఆ రెంటికీ ఏ సంబంధమూ లేదు. దీనిని తీసే ద్రాక్ష పేరు మెలోన్ ద బుర్గోన్య. తూర్పు ఫ్రాన్స్‌లోని బర్గండీ నుంచి వలస వచ్చిన ఈ ద్రాక్ష పినో, గ్వే బ్లాన్ జాతుల సంకరం. షార్డొనే అనే పేరుపొందిన తెల్లద్రాక్ష తల్లిదండ్రులూ అవే కాబట్టి ఇవి తోబుట్టువులన్నమాట, అయితే కీర్తి అంతా షార్డొనేకే దక్కింది. 17వ శతాబ్దంలో బ్రాందీ కాచుకోవడానికి తెల్ల వైన్ కావలసిన డచ్చి వర్తకులు నాంత్ చుట్టుపక్కల తెల్లద్రాక్ష సాగును ప్రోత్సహించారు. 1709 నాటి భయంకరమైన చలికి అక్కడి తోటలు నాశనమైనప్పుడు, చలిని బాగా ఓర్చుకోగలదన్న కారణంగా రైతులు మెలోన్‌ను విరివిగా నాటారు. శీతాకాలాన్ని తట్టుకునే ఆ తీగ వసంతంలో చిగురు మీద పడే మంచుకు మాత్రం తలవంచక తప్పలేదు. 1991 ఏప్రిల్‌లోనూ 2021 ఏప్రిల్‌లోనూ తోటలు తీవ్రంగా దెబ్బతిన్నాయి.

మెలోన్‌కు తనదంటూ చెప్పుకోదగిన గట్టి పరిమళం లేదు. ఆ లోటును పూడ్చే పని మడ్డి చేస్తుంది. రసం పులిసి వైనుగా మారిన తర్వాత, పని ముగించి చనిపోయిన ఈస్ట్ తొట్టి అడుగున పేరుకుంటుంది. సాధారణంగా వైన్ తయారీదారులు తెల్ల వైన్‌ను త్వరగా ఈ మడ్డి నుంచి వేరు చేస్తారు. ఇక్కడ మాత్రం, చాలాచోట్ల నేలలోపల కట్టిన తొట్లలో, శీతాకాలమంతా దానిమీదే కదల్చకుండా ఉంచి, వసంతం వచ్చాక మరో పాత్రలోకి వంపకుండా నేరుగా సీసాల్లో నింపుతారు. సీసా మీద కనిపించే ‘స్యూర్ లీ’ అన్న మాటకు అర్థం ‘మడ్డి మీద’ అని. ఈస్ట్ కణాలు నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూ వైన్‌కు కాస్త నిండుదనాన్ని, రొట్టె పిండిని తలపించే వాసనను ఇస్తాయి. ఆమ్లజనిని తామే పీల్చుకుని వైన్ తాజాదనాన్ని కాపాడతాయి. పులిసేటప్పుడు పుట్టిన కార్బన్ డయాక్సైడ్ కొంత బయటికి పోకుండా మిగిలిపోవడం వల్ల నాలుక కొసన చిన్న చురుకు తగులుతుంది. నాకు మస్కాడేలో అన్నిటికంటె ఇష్టమైనది ఆ చురుకే.

కొన్ని గ్రామాల పేర్లతో మరింత కాలం మడ్డి మీద నిలవ ఉంచిన మస్కాడేలు కూడా ఉన్నాయి. క్లిసోన్, గోర్జ్, ల పాలే అనే మూడింటికి 2011లో ప్రత్యేక గుర్తింపు వచ్చింది. క్లిసోన్‌ది గ్రానైట్ నేల, గోర్జ్‌ది గాబ్రో అనే నల్లని అగ్నిశిల నేల. (ల పాలే మధ్యయుగ తత్వవేత్త అబెలార్ జన్మస్థలం కూడా.) తేలికపాటి వైన్ అని మస్కాడేను కొట్టిపారేసేవారు క్లిసోన్ సీసా ఒకటి తెరిస్తే సరిపోతుంది.

ఇక భోజనం సంగతి. పచ్చి ఆయిస్టర్ల మీద నిమ్మరసం పిండడం చాలామందికి అలవాటు. మస్కాడే పక్కన ఉన్నప్పుడు ఆ పని మానుకోవాలని నా సలహా, ఎందుకంటే పులుపు ఇవ్వవలసిన బాధ్యతను వైనే తీసుకుంటుంది, చిప్పలోని సముద్రపు ఉప్పదనం చెదరకుండా మిగులుతుంది. నాంత్ ప్రాంతపు మరో సొత్తు బర్ బ్లాన్ అనే సాస్. షాలట్ అనే చిన్న ఉల్లిని వెనిగర్‌తోనో మస్కాడేతోనో మరిగించి, అందులో చల్లని వెన్నను కొద్దికొద్దిగా కలిపి చిక్కబరచి, నదిలో దొరికే పైక్ చేప మీద పోసి వడ్డిస్తారు. ఆ వెన్న బరువును ప్రతి గుక్కకూ ఈ వైన్ కడిగేస్తూ ఉంటుంది. మేకపాల చీజ్‌తోనూ బాగుంటుంది. ఎర్రమాంసానికీ, తీపి సాసులకూ మాత్రం ఇది నిలబడదు.

మామూలు స్యూర్ లీ సీసాను 8 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో పోయాలి. క్లిసోన్, గోర్జ్ వంటివాటిని మరీ చల్లగా ఇస్తే రాయి వాసన, మడ్డి ఇచ్చిన నిండుదనం రెండూ మూగబోతాయి కనుక, వాటిని ఫ్రిజ్ నుంచి పావుగంట ముందే బయట పెట్టుకోవడం మేలు. మసెల్స్ అనే సముద్రపు గుల్లలను వండుతున్న రోజున ఆ పావుగంటలో ఒక గ్లాసు వైన్ గిన్నెలోకి వెళ్లిపోతుంది. నా వంటగదిలో ఎక్కువసార్లు జరిగేది అదే.