తీగతో కట్టింది

గీజరు మళ్ళీ ఆగిపోయింది. ఒంటి నిండా సబ్బు పెట్టుకున్నాక చన్నీళ్ళు పడి చిన్నది ఒకటే కేకలు.

మధ్యాహ్నం గీజరు చూడటానికి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన్ని "మెష్త్ర్" అని పిలుస్తాను, మన మేస్త్రీ ఇక్కడి పోర్చుగీసు నుంచి వచ్చిన మాటే. ఆయనేమో నలభై దాటిన నన్ను "మెనీనా" అంటాడు, అమ్మాయీ అన్నట్టు. మూత తీసి, టార్చి వేసి చూసి, "ప్రేజు పుర్ అరామిష్, మెనీనా" అని, మూత బిగించి వెళ్ళిపోయాడు. తీగలతో కట్టి ఉందట. స్టూలెక్కి మూత తీసి చూశాను. చిలుం పట్టిన ఇత్తడి గొట్టం, దుమ్ము, అంతే. ఒక్క తీగా లేదు. ఫోన్‌ని అడిగితే తీగలు ఖైదు చేశాయంది! ప్రేజు అంటే కట్టి ఉన్నదీ, ఖైదీ కూడా. సరే, ఇద్దరూ తీగలే అంటున్నారు కదా అని ఇంటి ఓనరుకి ఇంగ్లీషులో అదే రాశాను. "ఏ తీగలు? ఎవరు ముట్టుకున్నారు?" అని నా మీదికే వచ్చాడు. అద్దె ఒక్కరోజు ఆలస్యం చేయం. మూడు వారాలుగా బాగుచేయించమని అడుగుతుంటే జవాబివ్వని మనిషికి, ఇవాళ నిమిషంలో జవాబు దొరికింది. ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు రాస్తున్నా మండుతోంది.

సాయంత్రం ఈయన వచ్చి చెప్పారు, అది సామెతలాంటి మాటట. నేడో రేపో ఊడేలా ఉందని. దారానికి వేలాడటం ఇంగ్లీషులోనూ ఉంది, పోర్చుగీసులోనూ ఉంది. పేకమేడ మనకీ ఉంది. గుడ్ల దగ్గరే తేడా. ఇంగ్లీషువాళ్ళు గుడ్డు పెంకుల మీద నడుస్తారు, వీళ్ళు గుడ్ల మీదే. పెంకులంటే పగలాల్సింది పగిలిపోయినట్టే కదా. ఈ ఓనరుతో నాది గుడ్ల మీద నడకే, ఇంకా ఏదీ పగల్లేదు.

కానీ తీగ? తీగతో కట్టింది ఊడటమేమిటి? తెనాలిలో నాన్న స్కూటరు సైలెన్సర్ బైండింగ్ వైరు మీదే నాలుగేళ్ళు నిలబడింది. అన్నయ్య ఇంటర్ పరీక్షలకి దాని మీదే వెళ్ళాడు. నేనూ అమ్మా నాన్న వెనకాల ఇరుక్కుని కూర్చుని కొలకలూరు పెళ్ళికి వెళ్ళాం. అమ్మ పట్టుచీర అంచు సైలెన్సర్‌కి తగలకుండా దారంతా నేనే పట్టుకున్నాను. మా ఇంట్లో తీగతో కట్టారంటే ఇక దాని బెంగ లేదనే అర్థం.

ఇది రాస్తుంటేనే ఇంకోటి గుర్తొచ్చింది. నాన్న రోజూ పొద్దున్నే బండి పక్కన గొంతుక్కూర్చుని, ఆ ముడిని వేలితో తడిమి, కటింగ్ ప్లేయర్‌తో ఒక అర మెలిక వేసేవాడు. రోజూ. ఆ పెళ్ళికి వెళ్ళిన రోజు ప్రతి గతుకు దగ్గరా కాళ్ళు రెండూ కింద ఆన్చి నడిపించాడు. అమ్మతో ఒక్క మాట అనలేదు. బెంగ లేనిది మాకే.

పెద్దాయన సరిగ్గానే చెప్పాడు.

పెద్ద గిన్నెలో నీళ్ళు పట్టి పొయ్యి మీద పెట్టి ఉంచాను. పొద్దున చిన్నదానికి కావాలి.