చెట్ల కింది మట్టి గురించి

నగరం అయిపోయి పల్లె ఇంకా మొదలవని చోట ఉంటాను నేను. చివరి బస్టాపు దాటాక రోడ్డు సన్నబడుతుంది, రెండు పక్కలా పెద్ద చెట్లు, ఇళ్ల మధ్య ఖాళీ జాగాలు, ఒక చెరువు, అక్కడక్కడా ఇంకా సాగులో ఉన్న పొలాలు. వచ్చినవాళ్లంతా "ఎంత పచ్చగా ఉందో" అంటారు. నిజమే, కానీ ఆ పచ్చదనం దేన్ని నమ్ముకుని బతుకుతోందో మాట్లాడేవాళ్లు తక్కువ. నేను చూసినంతలో అది కప్పెట్టకుండా వదిలేసిన మట్టిని నమ్ముకుని బతుకుతోంది. చెట్లు నరికేస్తున్నారని అందరం గోల పెడతాం, పెట్టాలి కూడా, అయితే మా వీధిలో పోయిన పెద్ద చెట్లలో చాలావాటి మీద గొడ్డలి పడనే లేదు, మొదలు చుట్టూ సిమెంటు పోశాక మెల్లిగా ఎండిపోయాయి.

మలుపు దగ్గర ఒక చెట్టుండేది. దాని పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్లకి చెట్టంటే ప్రాణం, ఒక్క కొమ్మ కొట్టనివ్వలేదు. కాకపోతే బురద కాకూడదని, కారు పెట్టుకోడానికి వీలుగా ఉంటుందని, ముందు లెవెల్ కోసం మట్టి ఎత్తుగా పోయించి, మొదలుకి ఆనుకునేదాకా గచ్చు చేయించారు. ఏడాదిపాటు ఏమీ తెలియలేదు. తర్వాత పైకొమ్మల చివర్లు ఎండటం మొదలైంది, కొత్తగా వచ్చే ఆకు చిన్నదైపోయింది, మొదట్లో బెరడు వదులై వేలితో తోస్తే లేచొచ్చేది, చివరికి ఓ గాలివానకి సగం చెట్టు కరెంటు తీగల మీద పడింది. "ముసలి చెట్టు కదా, దాని టైమ్ వచ్చింది" అన్నారు అందరూ. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది నాకు, ఎందుకంటే అది ఇంకా చాలా ఏళ్లు బతకాల్సిన చెట్టు.

చెట్టు పైకి ఎంతుందో వేళ్లు కిందికి అంత ఉంటాయని చాలామంది అనుకుంటారు. నీళ్లూ పోషకాలూ పీల్చుకునే సన్న వేళ్లలో ఎక్కువ భాగం పైన ఉండే 60 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి, అవి పక్కలకి కొమ్మల గొడుగు దాటి చాలా దూరం పాకుతాయి. వాటికి నీళ్లతోపాటు గాలి కూడా కావాలి. మట్టి రేణువుల మధ్య సందుల్లోంచే ఆ గాలి అందుతుంది, ఆ సందులు రోడ్డు రోలరు కింద నలిగినా, లారీల బరువుకి గట్టిపడినా, పైన అడుగు మందాన కొత్త మట్టి పడినా వేళ్లకి ఊపిరాడదు. చెట్టు తనలో దాచుకున్నదాంతో కొన్నేళ్లు నెట్టుకొస్తుంది, అందుకే కారణం ఒకప్పుడు, చావు ఇంకొకప్పుడు అయ్యి ఎవరికీ లింకు దొరకదు.

చల్లదనం సంగతీ అంతే. పెద్ద చెట్టు ఎండరోజున వంద లీటర్లకి పైగా నీటిని ఆకుల ద్వారా ఆవిరి చేయగలదు, ఒక్క లీటరు ఆవిరవడానికి చుట్టూ ఉన్న వేడిలోంచి దాదాపు 0.68 యూనిట్లు, అంటే కిలోవాట్ అవర్లు, లాగేసుకుంటుంది. వంద లీటర్లకి లెక్కేసుకోండి, 68 యూనిట్లు. నీడ దీనికి అదనం. కానీ ఈ పని జరగాలంటే వేళ్ల దగ్గర నీళ్లుండాలి, వాన ఇంకడానికి జాగా ఉండాలి, నీళ్లు దొరకని చెట్టు ఆకు రంధ్రాలు మూసుకుని ఊరుకుంటుంది. లండన్ రాత్రులు పక్క పల్లెల రాత్రులకన్నా సుమారు 2 డిగ్రీల సెల్సియస్ వెచ్చగా ఉంటున్నాయని వాతావరణాన్ని గమనిస్తూ రాసుకునే ల్యూక్ హోవార్డ్ అనే ఇంగ్లండ్ ఆయన 19వ శతాబ్దం మొదట్లోనే కొలిచి రాశాడు (మేఘాలకి మనం ఇప్పుడు వాడే శాస్త్రీయ నామాలకి మూలం కూడా ఆయనే). కార్లూ ఏసీలూ లేని రోజుల మాట అది. మా దగ్గర రాత్రి కిటికీ తెరిస్తే వచ్చే చల్లగాలి ఆ తేడా వల్లే, ఆ తేడా ఏటేటా తగ్గడం నాకు ఒంటికి తెలుస్తోంది.

ఇంకోటి, మిణుగురులు. రోడ్డు వార మట్టి కాలువ ఉన్న వైపు ఇంకా కనిపిస్తాయి, గట్టు కట్టి లైట్లు పెట్టిన వైపు ఒక్కటీ లేదు. చాలా జాతుల్లో మిణుగురు తన జీవితంలో ఎక్కువ కాలం పురుగుగా తడిమట్టిలో, రాలిన ఆకుల కింద నత్తల్నీ వానపాముల్నీ తింటూ గడుపుతుంది, రెక్కలొచ్చి మెరిసేది కొన్ని వారాలే. ఆ కొన్ని వారాల్లో జోడీని వెతుక్కోవాల్సింది వెలుగుతోనే కదా, పైన ఫ్లడ్ లైటు ఉంటే ఒకరి సంకేతం ఇంకొకరికి ఎలా కనిపిస్తుంది?

నగరం అంచుని కాపాడాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1898లో ఇంగ్లండ్‌లో కొత్త ఊళ్లు ఎలా కట్టాలో ఆలోచించిన ఎబెనెజర్ హోవార్డ్ (పైన చెప్పిన ల్యూక్ కాదు, పేరు కలిసిందంతే) 6,000 ఎకరాల్లో 1,000 ఎకరాలే ఊరికి వాడి మిగతాదంతా పొలాలకీ తోటలకీ వదిలేయాలని, జనం 32,000 దాటకూడదని ప్రతిపాదించాడు. 1903లో ఇంగ్లండ్‌లో లెచ్‌వర్త్ అనే ఊరు ఆ ఊహతోనే మొదలైంది. లండన్ చుట్టూ హరితవలయం, అంటే కట్టడాలు రాకుండా పచ్చగా వదిలేసే నేల, కోసం 1938లో చట్టం వచ్చింది, అమెరికాలో పోర్ట్‌లండ్ 1970ల చివర్లో నగరం ఇంతవరకే అని గీత గీసుకుంది. ఇలాంటి గీతల వల్ల ఇళ్ల ధరలు పెరుగుతాయన్న విమర్శ ఉంది, దాన్ని కొట్టిపారేయలేను, ఇల్లు కావాల్సినవాళ్లు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. నా మటుకు నాకు, గీతకి ఇవతల ఇళ్లు వస్తే రానీ, ఆ ఇళ్ల చుట్టూ ఎంత నేల కప్పుతున్నారన్నది ముందు చూడాలి అనిపిస్తుంది. ఒక్కో ఇంటికి చిన్న ముక్కే, వీధంతా కలిపితే వాననీళ్లు ఇంకే దారి లేక పల్లంలో ఉన్న ఇళ్లలోకి వెళ్తాయి.

ఇప్పుడు మా రోడ్డు వెడల్పు చేసే మాట నడుస్తోంది. మేం వద్దనలేదు, అంబులెన్సు వచ్చేంత దారి కావాలి. ఒకవైపు మట్టి కాలువని అలాగే ఉంచమని, చెట్ల మొదళ్ల చుట్టూ గచ్చు బదులు కంకరో రాలిన ఆకులో వేసి వదిలేయమని, పనులు జరిగినన్నాళ్లూ వేళ్ల మీద ఇటుకలూ ఇసుకా పోయకుండా కంచె కట్టమని, లైట్లు కిందికి మాత్రమే పడేలా పెట్టమని రాసిచ్చాం. మొదటి డ్రాయింగులో ఇవేవీ లేవు, రెండు వైపులా అంచుదాకా సిమెంటే. మార్చి చూపిస్తామన్నారు. రెండో డ్రాయింగు రాగానే ఇక్కడ పెడతాను, మీ వైపు ఇలాంటి పని సరిగ్గా జరిగి ఉంటే ఎలా ఒప్పించారో రాయండి, మాకు పనికొస్తుంది.