కారానికో గ్లాసు, పులుపుకో గ్లాసు: భోజనానికి పానీయాలు కుదుర్చుకోవడంలో నా అనుభవం

భోజనం పక్కన ఏ పానీయం పెట్టాలో తేల్చుకునేటప్పుడు నేను కూర పేరు చూడను. మటనా, చేపలా, పప్పా అన్నది తర్వాతి సంగతి. విస్తట్లో ఏది పైచేయిగా ఉందో ముందు చూస్తాను: కారమా, పులుపా, ఉప్పా, జిడ్డా, తీపా. గోంగూర మటన్‌లోనూ మటన్ బిర్యానీలోనూ మాంసం ఒకటే. అయినా రెండింటికీ ఒకే గ్లాసు పెడితే ఏదో ఒకచోట రుచి చెడుతుంది.

పరీక్ష సులువు. ఒక ముద్ద, ఒక గుక్క, మళ్లీ ముద్ద. రెండో ముద్ద మొదటిదానంత రుచిగా ఉంటే ఆ జోడీ కుదిరినట్టే. రెండో ముద్ద చప్పబడితే పానీయంలో ఉప్పో తీపో ఎక్కువైంది. పానీయమే నీళ్లలా తేలిపోతే అందులో పులుపు గానీ తీపి గానీ కూరకన్నా తక్కువుంది. ఈ రుచి చూడటం మాత్రం వడ్డించే చల్లదనంలోనే చెయ్యాలి. చల్లదనం తీపిని అణిచేస్తుంది కాబట్టి, మామూలు వేడిలో సరిపోయిందనుకున్న షర్బత్ ఫ్రిజ్‌లోంచి తీసేసరికి చప్పగా ఉంటుంది.

ముందు కారం సంగతి, ఎందుకంటే మన వంటలో అసలు చిక్కంతా అక్కడే. మిరపకాయలోని క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. గ్లాసు తర్వాత గ్లాసు నీళ్లు తాగినా మంట నోరంతా పాకడమే తప్ప తగ్గదు. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడిని గుర్తించే నరాల గ్రాహకాన్నే క్యాప్సైసిన్ కూడా తట్టి లేపుతుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కి 2021లో వైద్యశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. కారం తిన్న నోటితో వేడి టీ తాగితే మంట రెట్టింపైనట్టు అనిపించేది ఇందుకే. చల్లటి నీళ్లు తాగితే తాగినంతసేపు ఊరట, ఆ తర్వాత మళ్లీ మొదలు.

పాలలో ఉండే కేసీన్ అనే ప్రోటీన్ క్యాప్సైసిన్‌ని పట్టుకుని నాలుక మీంచి లాక్కుపోతుంది. ఈ పని చేసేది ప్రధానంగా ప్రోటీనే కాబట్టి వెన్న తీసిన మజ్జిగైనా సరిపోతుంది, మీగడ పెరుగే కావాలని లేదు. కానీ మజ్జిగ పలచబడేకొద్దీ కేసీన్ కూడా పలచబడుతుంది. దాహానికి ఒక వంతు పెరుగుకి ఐదు వంతుల నీళ్లు పోసిన మజ్జిగ బాగుంటుంది, గుంటూరు కారం వేసిన కోడి వేపుడు పక్కన మాత్రం అది చాలదు. అక్కడ ఒకటికి రెండు వంతులే పోస్తాను. ఎనిమిది మందికి 400 గ్రాముల పెరుగు, 800 మిల్లీలీటర్ల నీళ్లు. తలా 150 మిల్లీలీటర్లు వస్తుంది, అది చాలు. అంగుళం అల్లం ముక్క దంచి అందులో వేసి, పావుగంట ఉంచి వడగడతాను. చిటికెడు ఇంగువ, అర టీస్పూను ఉప్పు. పచ్చిమిరపకాయ వెయ్యను. కారం కూర పక్కన పెట్టే మజ్జిగలో మళ్లీ కారం ఎందుకు?

మజ్జిగ ఎక్కువగా చెడేది మిక్సీలో. గది వేడిలో ఉన్న పెరుగుని రెండు మూడు నిమిషాలు తిప్పితే వెన్న పైకి తేలి, గ్లాసులో పూసలుగా కనిపిస్తుంది. కవ్వంతో చిలికితే మేలు, లేదా చల్లటి పెరుగుని పది సెకన్లు తిప్పి ఆపాలి. కరివేపాకు, అల్లం అందులోనే గంటల తరబడి వదిలేస్తే ఆకు నల్లబడి చేదు దిగుతుంది. ఐసు ముక్కలు వేస్తే పది నిమిషాల్లో నీళ్ల వంతు ఎక్కువై, కొలిచిన కొలతంతా వృథా అవుతుంది. మట్టికుండలో ఉంచడం నాకు ఇష్టం. అయితే కుండ చల్లబరిచేది తడి ఆవిరవడం వల్ల. అనంతపురం ఎండలో, పొడిగాలిలో బాగా చల్లబడే కుండ కాకినాడ ఉక్కలో అంతగా చల్లబడదు. కోస్తాలో ఉన్నవాళ్లు ఫ్రిజ్‌లో పెట్టి, వడ్డించడానికి పావుగంట ముందు బయటికి తియ్యడం మంచిది. అమెరికాలో ఉన్నవాళ్లు పెరుగు డబ్బా మీద జెలటిన్, పెక్టిన్ లాంటివి ఉన్నాయేమో చూసుకోవాలి. అవి కలిపిన పెరుగు చిలికితే మజ్జిగ కాదు, జిగురుగా ఉంటుంది.

గోంగూర దగ్గర మాత్రం ఈ మజ్జిగనే మార్చాలి. గోంగూర పులుపు గట్టిది. దాని పక్కన పులిసిన పెరుగుతో చేసిన మజ్జిగ పెడితే రెండు పులుపులూ పోట్లాడుకుని పళ్లు పులుస్తాయి. అదే పూట తోడుకున్న తియ్యటి పెరుగు తీసుకుని, ఒకటికి రెండు నీళ్లు పోసి, ఉప్పు దాదాపు వెయ్యకుండా ఇస్తాను. ఆవకాయ అన్నానికీ ఉప్పు విషయంలో ఇదే లెక్క. ఆవకాయలో ఉప్పు ముందే దండిగా ఉంటుంది, మీదనుంచి ఉప్పు మజ్జిగ పడితే భోజనం అయ్యాక మధ్యాహ్నమంతా దాహమే. ఆవఘాటు గురించి కంగారు పడక్కర్లేదు. అది ముక్కులోకెక్కి, దానంతట అదే దిగిపోతుంది. గ్లాసు అవసరం మిరప మంటకే.

చేపల పులుసు పక్కన మజ్జిగ పెట్టను. చేపలూ పెరుగూ కలపని ఇళ్లు చాలా ఉన్నాయి, ఆ పట్టింపు లేకపోయినా రుచికి అది కుదరదు. మామిడికాయ వేసిన నెల్లూరు చేపల పులుసు చింతపండు, మామిడి రెండు పులుపులతో నిలబడే కూర. దాని పక్కన తియ్యటి పానీయం మరీ తియ్యగా, చప్పటిది మరీ చప్పగా తోస్తుంది. నేను చేసేది జీలకర్ర నీళ్లు: లీటరు నీళ్లకి రెండు టీస్పూన్ల జీలకర్ర వేయించి, కచ్చాపచ్చాగా దంచి, ఐదు నిమిషాలు మరిగించి వడగట్టాలి. చల్లారాక రెండు నిమ్మకాయల రసం, పావు టీస్పూను ఉప్పు. నిమ్మరసం వడ్డించే ముందే పిండాలి. ముందే పిండి ఉంచితే చేదెక్కుతుంది, గింజలు పడితే మరీను. ఇవి చల్లగా కాకుండా గది వేడిలో ఉంటేనే పులుసుతో బాగుంటాయి.

బిర్యానీకి కూల్‌డ్రింక్ అలవాటు మన ఊళ్లన్నిటా ఉంది. అందులోని తీపి మిరప మంటని కొంత తగ్గిస్తుంది, అది నిజమే. కానీ గ్యాసు నాలుకని తనవంతు పొడుస్తుంది. పైగా మటన్ కొవ్వు మామూలు చల్లదనంలోనే గడ్డకట్టేది, మంచులాంటి పానీయం తగిలేసరికి అంగిలికి మైనంలా అంటుకుంటుంది. ఆ పొర ఉన్నంతసేపు మసాలా రుచి తెలియదు. పెరుగు పచ్చడి ఎలాగూ పక్కనే ఉంటుంది కాబట్టి మజ్జిగ కూడా అనవసరం. నా ఓటు సులేమానీ చాయ్‌కే, అదీ తింటూ కాదు, తిన్నాక. టీ ఆకులోని వగరు ఆ జిడ్డుని కడిగేస్తుంది. పాలు పోస్తే పాల ప్రోటీన్ ఆ వగరుని పట్టేస్తుంది, అప్పుడు కడిగే గుణం పోతుంది. 250 మిల్లీలీటర్ల నీళ్లు మరిగించి, స్టవ్ ఆపి, ఒక టీస్పూను టీ ఆకు, ఒక ఏలక్కాయ, చిన్న దాల్చినచెక్క ముక్క వేసి మూడు నిమిషాలు మూత పెట్టాలి. ఐదు దాటితే చేదు. వడగట్టాక అర టీస్పూను నిమ్మరసం, టీస్పూను పంచదార. తోటకూర, పాలకూర లాంటి ఆకుకూరల్లోని ఇనుము కోసం తినేవాళ్లు మాత్రం టీని తిన్న ఓ గంట తర్వాతే తాగాలి, ఆ వగరే ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది.

రాయలసీమ ఉగ్గాని, మిరపకాయ బజ్జీకి నన్నారి షర్బత్‌ని మించింది నాకు దొరకలేదు. సుగంధి వేళ్ల వాసన, తీపి, నిమ్మ పులుపు మూడూ కలిసి కారాన్ని నెమ్మదింపజేస్తాయి. 30 మిల్లీలీటర్ల సిరప్, అర నిమ్మచెక్క, 150 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లు. సోడా కలిపి అమ్మడం ఎక్కువ, కానీ బజ్జీ కారంగా ఉంటే నేను నీళ్లే పోస్తాను. సబ్జా వెయ్యాలనుకుంటే ఒక టీస్పూను గింజలు అర గ్లాసు మంచినీళ్లలో ఇరవై నిమిషాలు నానాలి. నేరుగా సిరప్‌లో వేస్తే సరిగా ఉబ్బకుండా ముద్ద కడతాయి.

కారానికి తీపి మంచిదని పానకం ఇవ్వకూడదు. శొంఠి, మిరియాలు తమ ఘాటు తాము తెస్తాయి. శ్రీరామనవమికి పానకంతో వడపప్పు పెట్టడంలో ఉన్న తెలివి చూడండి. నానిన పెసరపప్పు చప్పన, కాస్త కొబ్బరి, మామిడి తురుము. ఘాటంతా పానకానిది, నమిలే పనీ చలవా పప్పువి. లీటరుకి 100 గ్రాముల బెల్లం సరిపోతుంది. కరిగాక పలచటి గుడ్డతో వడగట్టకపోతే అడుగున ఇసుక తగులుతుంది.

మిఠాయి దగ్గర సూత్రం తిరగబడుతుంది. పానీయం మిఠాయికన్నా తక్కువ తీపైతే పుల్లగానో చప్పగానో అనిపిస్తుంది. ఎక్కువ తీపైతే ఇక తినలేం. అందుకని తీపి పానీయాల జోలికే వెళ్లకుండా చేదువైపు వెళ్తాను. నెయ్యి కారే బొబ్బట్టుకి పంచదార లేని ఫిల్టర్ కాఫీ, చికోరీ కలిసిన పొడితో. పాలు నేతికి తోడవుతాయి, చికోరీ చేదు బెల్లాన్ని నిలదీస్తుంది. ఆత్రేయపురం పూతరేకు అంత బరువు మొయ్యదు. దానికి 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా, పాలు లేకుండా, చిన్న కప్పులో. డికాషన్‌కి మూడు టేబుల్‌స్పూన్ల పొడి, 150 మిల్లీలీటర్ల అప్పుడే మరిగిన నీళ్లు. పొడిని మరీ అదిమితే చుక్క దిగదు, వదులుగా వదిలేస్తే ఐదు నిమిషాల్లోనే దిగిపోయి పలచబడుతుంది. పదిహేను, ఇరవై నిమిషాల్లో దిగితే సరిగ్గా ఉన్నట్టు. అందుకే పప్పన్నం వడ్డించేటప్పుడే ఫిల్టర్‌లో నీళ్లు పోస్తాను. మిఠాయి వేళకి డికాషన్ తాజాగా ఉంటుంది, మళ్లీ కాచే పని ఉండదు.