పోచంపల్లి ఎరుపు

ఎల్బీ నగర్‌లో వీధి దీపాలు ఇంకా ఆరకముందే బయల్దేరాను. విజయవాడ హైవే మీద కొంత దూరం వెళ్లి ఎడమకు తిరిగితే, పొలాల మధ్య నుంచి భూదాన్ పోచంపల్లికి దారి. హైదరాబాద్ నుంచి యాభై కిలోమీటర్లకు మించదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చింది ఈ ఊళ్లోనే. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ దీన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. నేను మాత్రం పొద్దున ఏడు గంటలకు ఒక నేత ఇంట్లో ఏం జరుగుతుందో చూడ్డానికి వెళ్లాను.

బ్యాగులో ఒక కెమెరా, ఒకే ఒక 35 ఎం.ఎం. లెన్స్. జూమ్ ఉంటే వాకిట్లోనే నిలబడి లోపలి మనిషిని దగ్గరకు లాక్కోవాలనిపిస్తుంది. 35తో ఆ వీలు లేదు. గడప దాటాలి, కూర్చోవాలి, మాట్లాడాలి. అందుకే మామూలు రోజుల ఫోటోలకు నాకు ఇదే ఇష్టం.

తెలిసిన వాళ్ల ద్వారా వెళ్లిన ఇల్లు అది. ముందు గదిలో మగ్గం, వెనక వసారాలో ఆసు (నేతకు ముందు దారాన్ని వరసగా చుట్టేది), పక్కనే వంటగది. మొదటి గంట కెమెరా బయటికి తియ్యలేదు. చాయ్ తాగుతూ వెలుగు ఎటు నుంచి వస్తోందో చూశాను. తూర్పు గుమ్మంలోంచి వచ్చిన ఎండ ఎనిమిదింటికి మగ్గం కాళ్లను తాకింది, తొమ్మిదికల్లా ఆ ఇంటి పెద్దమ్మ చేతుల మీదికి ఎక్కింది. పదింటికి గడప బయటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత గదిలో మిగిలింది ట్యూబ్‌లైటే. అంటే నాకు దొరికేది రెండు గంటలు. ఆ లెక్క తెలిశాక టెన్షన్ పోయింది.

పెద్దమ్మ చిటికి కడుతోంది. ఫ్రేముకు బిగించిన నూలు మీద బొగ్గు గీతలు ఉన్నాయి. సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు ముక్క ఒకటి తీసుకుని, గీత నుంచి గీత దాకా గట్టిగా చుట్టి, చివర లోపలికి దోపి వదిలేస్తుంది. కట్టిన చోట రంగు ఎక్కదు. తర్వాత కొన్ని కట్లు విప్పి, మరికొన్ని చోట్ల కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. పువ్వు ఎక్కడ రావాలో, దాని అంచు ఎంత చెదరాలో నెయ్యకముందే దారం మీద తేలిపోతుంది. ఆమె వేళ్లను చాలాసేపు చూశాను. బొటనవేలి గోరు పక్కన చర్మం రబ్బరు రాపిడికి నల్లబడి, గట్టిపడి ఉంది. ఆ గోరు మీద ఫోకస్ పెట్టి, గీతలున్న నూలును కొంచెం మసకగా వదిలేశాను. ఆ రోజు తీసిన రెండు వందల పై చిలుకు ఫోటోల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

వసారాలో ఆసు యంత్రం తిరుగుతోంది. ఒకప్పుడు ఆడవాళ్లు అర్ధచంద్రాకారంలో ఉన్న చట్రం మీద చేత్తోనే దారం తిప్పేవారు. చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ వెళ్లాలి. భుజాలు పడిపోయేవి. అమ్మ పడే బాధ చూడలేక చింతకింది మల్లేశం ఆ పని చేసే యంత్రాన్ని తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం తిరుగుతుంటే పక్కన కూరగాయలు తరుగుతున్న కోడలిని కూడా ఫ్రేములోకి తీసుకున్నాను. ఆ యంత్రం ఎందుకు వచ్చిందో కత్తిపీట ముందు కాస్త వంగిన ఆ భుజమే చెబుతుంది.

మగ్గం గుంట మగ్గం. నేసే మనిషి కాళ్లు గుంటలో, కళ్లు నేలకు రెండడుగుల ఎత్తులో ఉంటాయి. నిలబడి తీస్తే అతని నెత్తి తప్ప ఏమీ రాదు. నేల మీద బోర్లా పడుకుని తీశాను. షట్టర్ ముప్పయ్యో వంతు సెకనుకు తగ్గిస్తే పడుగు కదలకుండా నిలిచింది, అటూ ఇటూ దారం మోసే నాడె ఒక గీతలా సాగింది. చేతులు మాత్రం నేననుకున్నట్టు రాలేదు.

ఇంటికొచ్చి ఎడిటింగ్‌కు కూర్చున్నాను. మగ్గాల ఫోటోలను బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చే అలవాటు చాలామందికి ఉంది. రంగు మీదే బతికే ఊరికి అది అన్యాయమని నా అభిప్రాయం. అందుకే రంగులోనే ఉంచి, శాచురేషన్, అంటే రంగుల గాఢత, కొంచెం పెంచాను. చీర ఎరుపు తెర మీద ధగధగలాడింది. సంతోషపడ్డాను.

పది రోజుల తర్వాత ల్యాప్‌టాప్ పట్టుకుని మళ్లీ వెళ్లాను. పెద్దమ్మ తెర వంక కాసేపు చూసింది.

"గిది మా ఎరుపు కాదు బిడ్డా. గింత మండదు మాది."

లోపలికెళ్లి కండె నుంచి జానెడు దారం తెంపి తెచ్చి తెర పక్కన పెట్టింది. దారం ఇటుక పొడిలా నిదానంగా ఉంది. నా ఎరుపేమో ప్లాస్టిక్ బకెట్‌లా ఉంది. పైగా ఎరుపు మరీ నిండిపోవడంతో చీర మడతల్లోని నీడలు చెరిగిపోయాయి. గుమ్మం వెలుగులో నీలం, ట్యూబ్‌లైట్‌లో ఆకుపచ్చ ఉంటాయి. ఆ రెంటి మధ్య కెమెరా తనకు తోచిన తెలుపును ఎంచుకుంది. నేను దాని మీద ఇంకాస్త పులిమాను.

ఆ రోజు, అసలు రంగులు సరిచూసుకోడానికి వాడే బూడిద రంగు కార్డును పెద్దమ్మ చేతికిచ్చి, గుమ్మం వెలుగులో ఒకటి, లోపల ఒకటి తీసుకున్నాను. దారం ముక్కను పర్సులో పెట్టుకున్నాను. ఇంట్లో కిటికీ దగ్గర, పగటి వెలుగులోనే, ఆ ముక్కను తెర పక్కన ఉంచి రా ఫైళ్లన్నీ (కెమెరా తన మార్పులేవీ చెయ్యకుండా దాచినవి) మొదటి నుంచి మళ్లీ చేశాను. వైట్ బ్యాలెన్స్‌ను, అంటే ఏ వెలుగులోనైనా తెలుపు తెల్లగానే కనిపించేలా చేసే సర్దుబాటును, కార్డును బట్టి సరిచేశాను. ఎక్స్‌పోజర్ అర స్టాప్ దించి వెలుగు కాస్త తగ్గించాను, ఎరుపు ఒక్కదాని శాచురేషన్ తగ్గించాను. మడతలు తిరిగొచ్చాయి. షార్ప్‌నెస్ కూడా తగ్గించాను. ఇలా దారానికి ముందే రంగు వేసి నేసే ఇక్కత్‌లో పువ్వుకు అంచు చెదిరి ఉండటమే అందం, దాన్ని కత్తితో కోసినట్టు చేస్తే అచ్చేసిన గుడ్డలా కనిపిస్తుంది. రెండు ఫోటోల్లో సన్నని నేత కెమెరా సెన్సార్ గళ్లతో కలిసి, చీర మీద లేని వంకర చారలు పుట్టించింది. ఎంత సరిచేసినా పోలేదు. ఆ రెండూ తీసేశాను.

మూడోసారి ప్రింట్లు తీసుకెళ్లాను. పెద్దమ్మ ఒక్కొక్కటీ గుమ్మంలోకి తీసుకెళ్లి, దారం ఆనించి చూసి, తలూపి పక్కన పెట్టింది. కొడుకు మాత్రం మగ్గం ఫోటో దగ్గర ఆగాడు.

"నా సైకిల్ ఏది సార్? గోడకే ఉంటది గదా."

శుభ్రంగా ఉంటుందని ఎడమ అంచు నేనే కత్తిరించాను. రంగులో ముంచిన నూలు ఆ సైకిల్ మీదే వస్తుందట, నేసిన చీరలు దాని మీదే పోతాయట. ఫోన్‌లో అసలు ఫోటో తీసి చూపించాను. సైకిల్, హ్యాండిల్‌కు వేలాడుతున్న టిఫిన్ డబ్బా, గోడ మీద పాత క్యాలెండర్. "గిది మంచిగుంది" అన్నాడు. ఆ ప్రింట్ మళ్లీ వేయిస్తున్నాను, ఈసారి ఏ అంచూ కత్తిరించకుండా.

నాడె ఆడించే చేతుల ఫోటో ఇంకా బాకీ ఉంది. పదిహేనో వంతు సెకనులో ప్రయత్నించాలి, దానికి గుమ్మం ఎండ చేతుల మీద ఉన్న ఆ కాసేపే పనికొస్తుంది. ఇప్పుడున్న చీరలు నేత పూర్తయి, కొత్త పడుగు ఎక్కించే రోజు ఫోన్ చేస్తామన్నారు.