85 ఏళ్లు ఎదురుచూసిన తోమ్‌స్క్ యూనివర్సిటీ

రష్యాలోని సైబీరియాలో, నోవోసిబిర్స్క్ నుంచి తోమ్‌స్క్ నగరానికి జనవరిలో బస్సులో వెళ్లాను. ట్రాన్స్ సైబీరియన్ రైలు మార్గం ఈ ఊరిని తాకదు. దక్షిణాన తైగా అనే జంక్షన్ మీదుగా పోతుంది, అక్కణ్ణుంచి ఓ బ్రాంచి లైను మాత్రం వస్తుంది. మెయిన్ లైను లేకపోయినా ఈ ఊరు వాడిపోలేదంటే దానికి కారణం లెనిన్ వీధిలో చెట్ల వెనక పొడవుగా కనిపించే తెల్లటి యూనివర్సిటీ భవనమేనని నా నమ్మకం.

దీని కథ 1803లో మొదలైంది. కీవ్‌లో ఒకటి, సైబీరియాలోని తొబోల్స్క్‌లో ఒకటి యూనివర్సిటీ పెట్టమని పావెల్ దెమిదోవ్ అనే సంపన్నుడు చెరో 50,000 రూబుళ్లు ఇచ్చాడు. కీవ్‌కి 1834లోనే వచ్చేసింది. సైబీరియా వాటా మాత్రం వడ్డీతో పెరుగుతూ అలాగే ఉండిపోయింది. ప్రవాస శిక్షపడ్డవాళ్లని పంపే నేల మీద చదువుల మాటంటే ప్రభుత్వానికి తొందరేముంటుంది? సైబీరియాకి యూనివర్సిటీ కావాలని గొంతెత్తిన గ్రిగోరీ పొతానిన్ అనే అన్వేషకుణ్ణి వేర్పాటువాదిగా ముద్రవేసి కఠిన శిక్షకి పంపారు. ఆయన సమాధి ఇప్పుడు ఇదే యూనివర్సిటీ తోటలో ఉంది. అక్కడ చాలాసేపు నిలబడ్డాను.

చివరికి 1878లో రెండో అలెగ్జాండర్ జార్ అనుమతిచ్చాడు, అదీ తొబోల్స్క్‌కి కాదు, తోమ్‌స్క్‌కి. బంగారు గనుల యజమాని త్సిబుల్‌స్కీ, వ్యాపారి సిబిరియాకోవ్ డబ్బిచ్చారు. స్ట్రోగనోవ్ కుటుంబం తమ గ్రంథాలయాన్నే ఇచ్చేసింది. 1888లో తలుపులు తెరిచేసరికి ఉన్నది వైద్య విభాగం ఒక్కటే, విద్యార్థులు 72 మంది. లా కోర్సుకి మరో పదేళ్లు, సైన్సుకీ చరిత్రకీ 1917 దాకా ఆగాల్సి వచ్చింది.

నాకు బాగా నచ్చింది బొటానికల్ గార్డెన్. ట్రాన్స్ సైబీరియన్ పనులు ఇంకా మొదలే కాని 1885లో, పొర్ఫిరి క్రిలోవ్ అనే వృక్షశాస్త్రవేత్త కజాన్ నుంచి బతికున్న మొక్కల్ని వెంటబెట్టుకుని అంతదూరం వచ్చి ఈ తోట మొదలుపెట్టాడు. బయట గడ్డకట్టే చలి. గ్రీన్‌హౌస్‌లో అడుగుపెట్టగానే కళ్లద్దాలు మసకబారిపోయాయి, తడిమట్టి వాసన ముక్కుకి తగిలింది. అద్దాలు తుడుచుకుని తలెత్తితే గాజు పైకప్పు కింద తాటిజాతి చెట్ల ఆకులు, ఆ గాజు మీద మంచు! క్రిలోవ్ సేకరించిన ఎండు మొక్కల భాండాగారం ఇప్పటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది.

మీరు వెళ్తే గ్రీన్‌హౌస్ చూసే వేళలు ముందే కనుక్కోండి. యూనివర్సిటీ తోటలో పొతానిన్ సమాధి దగ్గర ఆగడం మాత్రం మరిచిపోకండి.