మూడొందల పుట్లు, ముప్పై ఆరు లక్షలు

మా ఇంట్లో ఇన్సూరెన్స్ అంటే ఎల్‌ఐసీ, అంతే. బీకాం ఆఖరి ఏడు ఒక సెమిస్టరు మొత్తం ఇంటర్న్‌షిప్ చెయ్యాలి, నాకు జనరల్ ఇన్సూరెన్స్ ఆఫీసులో దొరికింది అని ఫోన్ చేస్తే, మా అమ్మ వెంటనే అడిగింది: "ఏజెంటు పనా? ముందు మన చుట్టాలందరి దగ్గరికీ పొమ్మంటారేమో, ఇప్పుడే చెప్తున్నా, నేను రాను." చుట్టాల జోలికి ఎవరూ పొమ్మనలేదు. ఐదు నెలలూ నేను చూసినవి రైస్ మిల్లులు, గోడౌన్లు, గ్రానైట్ లారీలు, రొయ్యల మేత షెడ్లు.

నిజానికి బ్యాంకులో చేద్దామనుకున్నాను. కాలేజీ ఇచ్చిన ఉత్తరం పట్టుకుని నెల్లూరులో రెండు మూడు బ్రాంచీలు తిరిగేసరికి నాకంటే ముందే మా క్లాసు వాళ్ళు సగం మంది అక్కడ కూర్చుని ఉన్నారు. ట్రంకు రోడ్డు దగ్గర ఒక సందులో మేడ మీద ఉన్న ఈ ఆఫీసులో మాత్రం కుర్చీ ఖాళీగా ఉంది. స్టైపెండు లేదు. మధ్యాహ్నం టీ ఉంది.

మొదటి నెల ఫైళ్ళు సర్దడమే. విసుగు పుట్టింది కానీ చదవడానికి అడ్డు చెప్పేవాళ్ళు లేరు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కూడా కొట్టుకుపోయింది కదా, అప్పటి వరద క్లెయిముల ఫైళ్ళు ఒక బీరువా అరలో విడిగా ఉన్నాయి. లావుగా ఉన్న ఫైలంటే గొడవ పడిన ఫైలని అర్థం. లోపల నష్టం అంచనా వేసే సర్వేయరు రిపోర్టు, తడిసిన బస్తాల ఫోటోలు, పాలసీ తీసుకున్నవాళ్ళు రాసిన ఉత్తరాలు. ఉత్తరాలన్నింటిలోనూ దాదాపు ఒకటే మాట: నష్టం ఇంత, మీరిచ్చింది సగం, మిగతా సగం ఏమైంది?

ఆ "మిగతా సగం" ఏమవుతుందో ఆగస్టులో తెలిసింది.

మా బ్రాంచి మేనేజరు గారు (ఇకమీదట మేడమ్ అంటాను) కోవూరు వైపు ఒక మిల్లు చూడటానికి వెళ్తూ నన్నూ రమ్మన్నారు. రిస్క్ ఇన్‌స్పెక్షన్ అంటారు దాన్ని. పాలసీ ఇచ్చే ముందో, మధ్యలో ఒకసారో చోటు చూసి రావడం. వైరింగు ఎలా ఉంది, డ్రయ్యరు పక్కన ఏం పెట్టారు, ఊక గుట్ట షెడ్డుకి ఎంత దూరం, మంటలార్పే సిలిండర్ల గడువు ఎప్పటిదాకా, వాన నీళ్ళు ఎటు పోతాయి. నా పని ఇవన్నీ ఫారంలో రాసుకోవడం.

మిల్లు ఓనరుకి అరవై దాటి ఉంటాయి. మేం వెళ్ళేసరికి గోడౌన్లో బస్తాల నెట్టు మీద కూర్చుని ఫోన్లో ఎవరినో తిడుతున్నారు. లోపల తవుడు వాసన, గాలిలో సన్నటి దుమ్ము, నా నల్ల చున్నీ పది నిమిషాల్లో బూడిద రంగు. సరుకు ఎంత ఉంటుంది సార్ అని అడిగాను.

"ఇప్పుడేముంది పాపా, అడుగున ఉండాది. ఎడగారు వడ్లు దిగితే మూడొందల పుట్లు ఉంటది."

రాసుకున్నాను. ఆఫీసుకొచ్చి లెక్క కట్టాను. గ్రేడ్-ఏ ధాన్యం మద్దతు ధర ఆ ఏడు క్వింటాలుకి 2,320. పుట్టీ క్వింటాలూ ఒకటే అనుకుని, మూడు వందలు ఇంటూ 2,320. ఆరు లక్షల తొంభై ఆరు వేలు. నీటుగా టైపు చేసి ఇచ్చాను.

మేడమ్ కళ్ళద్దాలు పైకి నెట్టి చూశారు. "ఇది మిల్లా, చిల్లర కొట్టా? పుట్టంటే ఎంతమ్మా?"

నాకు తెలీదు. మాది ఉలవపాడు, మామిడి తోట. కాయలు టన్నుల్లో తూస్తాం, వడ్లు బియ్యమయ్యాకే చూస్తాం. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలని ఆ రోజు ఆఫీసు అటెండరు చెప్పాడు, నవ్వకుండా చెప్పాడు పాపం. పుట్టికి 19,720. సుమారు ఇరవై వేలు. మూడొందల పుట్లంటే అరవై లక్షలు.

మరి పాత పాలసీలో సరుకు మీద సమ్ ఇన్సూర్డ్, అంటే ఎంత విలువకి ఇన్సూరెన్స్ రాయించారనేది, ఎంతుందో చూస్తే ముప్పై ఆరు లక్షలు. ఎందుకంత అని అడిగాను. మేడమ్ ఫైల్లో ఒక కాగితం మీద వేలు పెట్టారు. బ్యాంకు వాళ్ళు ఇచ్చిన క్యాష్ క్రెడిట్ లిమిట్, అంటే వ్యాపారానికి వాడుకోగల అప్పు హద్దు, ముప్పై ఆరు లక్షలు. బ్యాంకు తన అప్పుకి సరిపడా ఇన్సూరెన్స్ ఉందా అనే చూస్తుంది, పాలసీలో తన పేరూ రాయించుకుంటుంది. ఓనరు బ్యాంకు అడిగింది కాబట్టి కడతాడు. గోడౌన్లో నిజంగా ఎంత సరుకుందని అడిగేవాళ్ళే ఉండరు, క్లెయిము వచ్చేదాకా.

క్లెయిము వచ్చాక అడుగుతారు. అరవై లక్షల సరుకుని ముప్పై ఆరుకి రాయించారంటే నూటికి అరవై వంతులే రాయించినట్టు. పది లక్షల నష్టం జరిగితే ఆరు లక్షలే లెక్కలోకి వస్తుంది, అందులోంచి ఎక్సెస్, అంటే పాలసీదారే భరించాల్సిన వాటా, పోతుంది. యావరేజ్ క్లాజ్ అంటారు దీన్ని. చాలామంది అనుకునేది వేరు: "ముప్పై ఆరు లక్షల దాకా ఉంది కదా, పది లక్షలు పోతే పదీ ఇస్తారు." నేనూ అట్లాగే అనుకున్నాను, కామర్స్ చదివి కూడా. బీరువాలో లావు ఫైళ్ళు ఎందుకు లావెక్కాయో అప్పుడర్థమైంది.

ఒక వెసులుబాటు ఉంది. 2021 ఏప్రిల్ నుంచి ఒకచోట ఆస్తి విలువ మొత్తం ఐదు కోట్ల లోపున్న వ్యాపారాలకి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ ఇస్తున్నారు. అందులో నూటికి పదిహేను దాకా తక్కువ రాయించినా కోత పెట్టరు. ఈయనది నలభై తక్కువ.

మేడమ్ నన్నే ఫోన్ చేసి చెప్పమన్నారు. చెప్పాను. అరగంట పట్టింది. అరవై లక్షలకి పెంచితే ప్రీమియం జీఎస్టీతో కలిపి ఐదారు వేలు ఎక్కువవుతుంది. "ఐదారు వేలకి రెండు రోజుల కూలోళ్ళ బత్తెం వస్తది గదమ్మా" అన్నారు. పదిహేను శాతం మాట మాత్రం రెండుసార్లు అడిగి చెప్పించుకున్నారు. చూస్తాలే అన్నారు.

సెప్టెంబరంతా నేను వేరే పనుల్లో పడ్డాను. చీమకుర్తి నుంచి కృష్ణపట్నం పోర్టుకి పోయే గ్రానైట్ బ్లాకులకి మెరైన్ పాలసీలు, అంటే సరుకు రవాణాకి ఇచ్చేవి. రోడ్డు మీద పోయేదానికి మెరైన్ అని పేరేంటో! ఒకసారి సర్వేయరు గారి వెంట తడిసిన బియ్యం లారీ చూడటానికి పోయాను. ఇనప గొట్టం బస్తాలో గుచ్చి గింజలు అరచేతిలో పోసుకుని, వాసన చూసి, రెండు నోట్లో వేసుకుని నమిలారు. "పై రెండు వరసలే తడిసినయ్యి" అన్నారు. డ్రైవరు మొత్తం తడిసిందని చెప్తున్నాడు. దింపి చూస్తే రెండు వరసలే.

అక్టోబరు మధ్యలో వాయుగుండం వార్త వచ్చింది. నెల్లూరుకి రెడ్ అలర్ట్. ఉదయం పది గంటలకే పైనుంచి మెయిల్: వాయుగుండం తీరం దాటేదాకా కొత్త పాలసీలు ఇవ్వొద్దు, ఉన్నవి పెంచొద్దు. పదీ ఇరవైకి మిల్లు ఓనరు ఫోన్.

"పాపా, ఆ అరవై లక్షలు రాసెయ్. డబ్బులు రేపు పంపిస్తా."

రేపు పంపిస్తే ఇవాళ్టి నుంచి కవర్ మొదలవదు. ప్రీమియం చేతికి రాకుండా రిస్కు మొదలు పెట్టకూడదని 1938 నాటి ఇన్సూరెన్స్ చట్టంలోనే, 64వీబీ సెక్షన్లో ఉంది. ఆ మాట చెప్తే, "సరే, ఇప్పుడే ఫోన్‌పే చేస్తా" అన్నారు. ఇప్పుడే చేసినా కుదరదని చెప్పాల్సి వచ్చింది.

"ఏందబ్బా ఇది! ఎండ కాసేటప్పుడు గొడుగు కొనుక్కోమంటారు, వానొస్తే అంగడి మూసేస్తారు."

నాకు సమాధానం తట్టలేదు. ఫోన్ మేడమ్‌కి ఇచ్చాను. ఆమె ఏం మాట్లాడారో వినలేదు గానీ చాలాసేపు మాట్లాడారు. ఆ రెండు రాత్రులూ హాస్టల్లో వాన చప్పుడు వింటూ నాదేదో బాకీ ఉన్నట్టు కూర్చున్నాను. ఆయన సరుకు నా సరుకు కాదు, అయినా మూడొందల పుట్లు నా తల మీదున్నట్టే ఉంది.

మిల్లులోకి నీళ్ళు రాలేదు. రోడ్డు దాకా వచ్చి ఆగాయట. సోమవారం ఆయనే ఆఫీసుకి వచ్చారు, చేతిలో అరటిపళ్ళ హస్తం. వాన సంగతులు చెప్పారు, టీ తాగారు. పెంచుదామా సార్ అంటే, "వానెళ్ళిపోయింది గదమ్మా, డిసెంబర్లో రెన్యూవల్ అప్పుడు చూద్దాం" అన్నారు.

ఆ రోజు లాగ్‌బుక్‌లో ఏం రాయాలో తోచలేదు. రోజుకు నాలుగు గీతల చోటిస్తారు. "క్లయింటుతో పాలసీ గురించి చర్చించాను" అని రాశాను. మా లెక్చరర్ సంతకం పెట్టేశారు.

అక్టోబరు ఆఖరుకి నా ఇంటర్న్‌షిప్ అయిపోయింది. డిసెంబర్లో మేడమ్ వాట్సాప్ పెట్టారు: "మీ పుట్లాయన రెన్యూవల్ చేశారు. సరుకు మీద యాభై ఒక్క లక్ష."

యాభై ఒకటేంటి అని బస్సులో కూర్చుని లెక్క వేశాను. అరవైలో పదిహేను శాతం తీసేస్తే సరిగ్గా యాభై ఒకటి. ఒక్క రూపాయి ఎక్కువ కట్టకుండా వెసులుబాటు అంచుదాకా వెళ్ళి ఆగారు. నేను చెప్పింది అంత శ్రద్ధగా విన్నవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు.

కాకపోతే పుట్టి ధర ఇరవై ఒక్క వేలైతే అవే మూడొందల పుట్లు అరవై మూడు లక్షలవుతాయి. అప్పుడు తక్కువ పడేది పందొమ్మిది శాతం. ఆయన నంబరు నా ఫోన్లో ఇంకా "కోవూరు మిల్లు" అనే ఉంది. చెయ్యనా వద్దా అని ఆలోచిస్తున్నాను.