అరగంట తేడా

"గడియారం ఇలా ఇవ్వమ్మా, ఇక్కడి టైము పెడతాను" అంటే అమ్మ చేయి చాపింది. మూడున్నర చూపిస్తోంది. శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయం గడియారంలో మూడు.

"అరగంటే కదరా తేడా, ఉండనీ!"

ఆ మూడున్నర హైదరాబాదులో తెల్లవారుజాము మరి.

దుబాయి నుంచి ఇక్కడికి సుమారు 13,000 కిలోమీటర్లు, 16 గంటలు. అక్కడ ఉదయం 9కి ఎగిరి, ఇక్కడ అదే రోజు మధ్యాహ్నం 2కి దిగింది. రాత్రంతా ఫోనులో చూస్తూనే ఉన్నాను. విమానం బొమ్మ పడమటికి రాకుండా ఉత్తర ధ్రువం వైపు ఎక్కుతుంటే, భూమి గుండ్రమని తెలిసి కూడా గుండె జారింది.

అమ్మకు అదేమీ పట్టలేదు. "కింద పిండి ఆరబోసినట్టుంది" అంది, అంతే. కారెక్కగానే నిద్ర.

గడియారం ఇంకా మార్చలేదు.